ఏ సాము మేలు?

(ఒక పట్టణ గ్రంథాలయ వార్షికోత్సవ సభయందు జేసిన యుపన్యాసము)



గ్రంథాలయ సభలో కుస్తీనిగూర్చి ముచ్చటింపుమని నన్నాహ్వానించిన కార్యదర్శిగారి ధైర్యమును మొదట మెచ్చుకొనవలసియున్నది. పుస్తకమునకును ముద్గరమునకును పుట్టు వైరమని మనలో ననేకుల నమ్మకము. ఆ నమ్మక మెంత నిరాధారమైనదో చూపుటకు దూరము పోనక్కరలేదు. ఆముక్తమాల్యదను రచించిన చేతులే జెట్టీలతో బెనగినవి. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన డొమింగో పేస్ అను పోర్చుగీసు యాత్రికుడు రాయలవారి దినచర్యను వ్రాసియుంచినాడు. తెల్లవారకమునుపే లేచి నువ్వులనూనె త్రాగుట, ఒడలంతయు నూనె పట్టించుకొనుట, బరువు లెత్తుట, త్రాగిన నూనె చెమటయై వెలికి వచ్చువరకు కత్తిసాము చేయుట, పిమ్మట తన మల్లులలో నొకనితో కుస్తీ పట్టుట, ఆపైన గుఱ్ఱమెక్కి ప్రొద్దు పొడుచువరకు స్వారి చేయుట. ఇది సార్వభౌముని యుదయకాలము. మన యుదయకాలమున కాఫీ వచ్చుట పది నిమిషము లాలస్యమైన నిల్లు దద్దరిల్లును.

ఇక విషయమునకు వత్తును. మన యూర నేడు చెలరేగిన వివాదము మీ రెరుగనిది కాదు. పాత తాలింఖానా గోదాను పూడ్చివైచి, గచ్చు చేయించి, దానిపై కరాటే బడి పెట్టవలెనని యువకులు పట్టుబట్టినారు. తాతలనాటి గోదా జోలికి రాగూడదని పెద్దలు భీష్మించినారు. స్థలమొక్కటే, చందాల సొమ్మొక్కటే. ఇరుపక్షములవారును నన్ను వేర్వేరుగా గలిసికొని యొక్కటే ప్రశ్న వేసినారు: "ఏ విద్య గొప్పది?" వారిలో నొక్కడైనను "ఏ విద్యను మన మెట్లు సాధన చేయుచున్నాము?" అని యడుగలేదు. నా చిన్ననాటి యవమానము నొకదానిని చెప్పినగాని ఈ రెండు ప్రశ్నలకు గల భేదము బోధపడదు.

నేను నాలుగేండ్లు కర్రసాము నేర్చినాను. విజయదశమి యూరేగింపులో నా కర్ర గిరగిర తిరుగుచుండగా నడుమ నిలిచిన నేను కనబడెడివాడను కాననియు, చక్రమే కనబడెడిదనియు జనులు చెప్పుకొనిరి. నమ్మితిని. ఆ పండుగ వెళ్లిన నెలలోనే సంతలో నొక బస్తాలు మోయు కూలివానితో మాటకు మాట పెరిగినది. తప్పు నాదే. కర్ర యెత్తితిని. అది దిగులోపల నాతడు లోపలికి జొచ్చి, రెండు చేతులతో నా నడుము నొడిసిపట్టి, మిరపకాయల గోతాముపై బడవైచి నామీద గూర్చుండినాడు. అతడు జన్మమున సాము చేసినవాడు కాడు. సంతలోని జనము నవ్వినారు. నేను లేచి, కర్ర నచ్చటనే విడిచి, తిన్నగా వస్తాదుగారి యింటికి బోయితిని.

"ఏమిరా అబ్బాయీ, కర్ర ఏదీ?" అని యాయన యడిగినారు.

"మీదకి వచ్చి పట్టుకున్నాడు గురువుగారూ."

"ఊరేగింపులో నీ కర్ర ఎవడన్నా పట్టుకున్నాడా?"

"లేదండీ."

"ఇక్కడ, గరిడీలో?"

"లేదండీ."

ఆయన చాలసేపు మాటాడలేదు. తుదకు, "అయితే తప్పు నీది కాదురా, నాది. రేపు తెల్లవారుజామున గోదాలోకి దిగు" అన్నారు. అంతటి వస్తాదు శిష్యుని యెదుట తన తప్పు నొప్పుకొనుట నే నదియే చూచుట. అటుపిమ్మట మరియొకరియందు జూడలేదు.

ఆ వృద్ధుడు కనుగొన్న లోపమునే జపానుదేశమున జిగోరో కానో అను పండితుడు చాల ముందుగా గుర్తించెను. ఆ దేశపు జుజుత్సు సంప్రదాయములలో కన్నులు పొడుచుట, కీళ్లు విరుచుట, మర్మములపై గొట్టుట మున్నగు ఘోరమైన పట్లు లెక్కకు మిక్కిలిగ నుండెను. అవి యెంత ఘోరములో వానిని సాధన చేయుట యంత దుర్ఘటము. తోటి విద్యార్థి కన్ను నిజముగా బొడువరాదు గదా! కావున పొడిచినట్లు నటింపవలెను, ఎదుటివాడు పడినట్లు నటింపవలెను. 1882లో కానో టోక్యోలోని యొక బౌద్ధాలయమున పండ్రెండు చాపల గదిలో తొమ్మండుగురు శిష్యులతో కోడోకన్ అను పాఠశాలను స్థాపించెను. ప్రమాదకరమైన పట్లను వరుస తప్పని యభ్యాసములకు బరిమితము చేసి, పడవేయుటను, అదిమిపట్టుటను స్వేచ్ఛాపోరునకు విడిచెను. శిష్యులు పూర్ణబలముతో, ప్రతిఘటించు ప్రత్యర్థితో, ప్రతిదినమును పెనగులాడవచ్చును. మరునాడు మరల రావచ్చును. జూడో అన నిదియే. నెమ్మదియైనదిగ గనబడు విద్య ఘోరమైన విద్యను జయించుటలోని రహస్యమంతయు నిందే యున్నది. రవీంద్రుడు 1929లో తకగాకి అను జూడో గురువును శాంతినికేతనమునకు రప్పించినాడు. ఆ మహాకవికి దీని విలువ తెలిసియేయుండును.

మన కుస్తీకి నీ గుణము పుట్టుకతోనే యున్నది. అందు గుద్దు లేదు, పొడుపు లేదు. వీపు మట్టికి దాకిన నోటమి. దండీలు, బస్కీలు తీసిన పిదప గోదాలో దిగినవాడు ఎదిరించు దేహమును ఎదుర్కొనియే తీరవలెను. అట్టి సాధన యేమి చేయునో గామా పహిల్వాను లోకమునకు జూపినాడు. 1910 సెప్టెంబరులో లండనునందు పోలండు దేశీయుడైన జ్బిష్కో ఆయన యెదుట నిలువలేక రెండున్నర గంటలకు పైగా నేల కరచుకొని బోర్లపడియుండెను. వెల్లకిల త్రిప్పుట గామాకును సాధ్యపడలేదు. జోడు తేలలేదు. వారము దినములకు మరల పోరు నిర్ణయింపగా జ్బిష్కో రానేలేదు. 1928లో పాటియాలాలో, మన మట్టిమీద, ఆ యిరువురును దిరుగ దలపడినప్పుడు నిమిషము నిండకమునుపే ముగిసినది. ఈ కథ చెప్పి మీసము దువ్వువారు చాలమంది కలరు. నేను మాత్రము దానియందు మరియొకటి చూచుచున్నాను. నేల మారినది, నియమము మారినది, ఫలమును మారినది.

1976 జూనులో టోక్యోలో జరిగిన వింతపోరు దీనికి మరియొక సాక్ష్యము. ముష్టియుద్ధమున జగజ్జెట్టియైన మహమ్మదలీకిని, జపాను మల్లుడైన ఇనోకికిని జోడు కుదిర్చినారు. పదునైదు రౌండ్లలో నధికభాగ మినోకి నేలపై వెల్లకిల బరుండి అలీ కాళ్లను దన్నుచునే యుండెను. అలీ చుట్టును దిరుగుచునే యుండెను. జోడు సమమని ప్రకటించినారు. చూడవచ్చినవారు ఉసూరుమన్నారు. 1993లో అమెరికాలోని డెన్వరునందు దాదాపు నియమములే లేని పోటీ పెట్టి, నానావిధములైన విద్యలవారిని గూర్చగా, ఎనుబది కిలోలైనను తూగని రాయిస్ గ్రేసీ అను బ్రెజిలు దేశీయుడు ఒక్క రాత్రియందు మువ్వురిని లొంగదీసినాడు. ఆతని విద్య కోడోకను శిష్యుడైన మయేదా ఆ దేశమునకు గొనిపోయిన దానినుండి పెరిగినదే. దానితో "ఇదియే సర్వోత్తమము" అని యెల్లరు నెగబడినారు. కొలదికాలమునకే తక్కినవారును నేలపై బెనగుట నేర్చుకొనినారు, మునుపటి యాధిక్యము పోయినది. కావున గెలిచినది విద్య పేరు కాదు, ఎదుటివా డెరుగని యలవాటు.

కరాటేనుగూర్చి యువకులతో నాకు గల వివాద మిది. ఒకినావా ద్వీపమునందలి యీ విద్యను ఫునకోషి 1922లో టోక్యోలో బ్రదర్శించినాడు. అది గౌరవింపదగిన విద్య, అందు సందేహము లేదు. దానియందును గట్టిగ గొట్టి గట్టిగ దెబ్బలు తిను శాఖలున్నవి. అయితే మన వీధులలో వెలసిన బడులలో నేను చూచినదేమి? పిల్లలు వరుసగా నిలిచి గాలిని గ్రుద్దుచున్నారు. మూడు నెలలకొక పట్టె, పట్టె కొక రుసుము, రుసుమున కొక ఛాయాచిత్రము. నా యూరేగింపు కర్రకును దీనికిని భేద మేమి? ఆ బడి పెట్టువారు గాలిని విడిచి మనుష్యుని యెదుట బిల్లలను నిలుపుదుమందురేని నా చందా మొదటిది.

పెద్దలతోడను నాకు వివాదము లేకపోలేదు. "మనది" యన్నంతమాత్రమున సాధన పూర్తియగునా? కళరిపయట్టు చూడుడు. నలువదిరెండడుగుల పొడవు, ఇరువదియొక్క అడుగుల వెడల్పు గల గోతిలో, నూనె మర్దనముతో మలచిన యా మలయాళ దేహముల లాఘవము నేను మరువలేను. అణగారుచుండిన యా విద్యను కణారన్ గురుక్కళ్, ఆయన శిష్యుడు నారాయణన్ నాయరు గత శతాబ్దమున నిలిపినారు. దేహమును దీర్చుటలో దానికి సాటి యరుదు. కాని నేడు బ్రదర్శించు కత్తిపోరులలో దెబ్బయు, దాని కెదురుదెబ్బయు ముందే కుదిరియుండును. అది చూచి యానందింపవచ్చును. దాని నాధారముగ జేసికొని పోరున గెలుతుమనుకొనరాదు. మైసూరు దసరాలో జెట్టీల వజ్రముష్టి నిజమైన పోరే. తలనుండి మొదటి రక్తపుబొట్టు కనబడగనే నిలిపివేయుదురు. అంత యుగ్రమైన విద్యను దినదినము సాధన చేయుట యెట్లు? బాహుబలమున మన వీరఘట్టపు కోడి రామమూర్తిగారు ఏనుగును ఱొమ్మున నిలిపినవారే, గొలుసులు త్రెంచినవారే. ఆ బలము వేరు, ఎదిరించువానిని లొంగదీయు నేర్పు వేరు. ఒకటి యుండిన రెండవది యుండునని భ్రమపడకుడు.

ముష్టియుద్ధమును గూర్చి యొక్క మాట. అది నిజముగా దెబ్బలాడు విద్య కాన దాని నేను మెత్తును. మన నిజామాబాదు బాలిక నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబులునందు, 2023లో ఢిల్లీయందు ప్రపంచ విజేత యైనది. అయినను తలపై దెబ్బలు మెదడును జెరచునని 1928లోనే మార్ట్‌లండ్ అను వైద్యుడు లోకమునకు జెప్పెను. చేతికి దొడిగిన గ్లవుసు గ్రుద్దువాని వ్రేళ్లను గాపాడును గాని గ్రుద్దు తినువాని మెదడును గాపాడదు. పది పండ్రెండేండ్ల పిల్లల తలలపై నెవ్వడైనను దెబ్బలు కొట్టించునేని, ఆతడెంతటి గురువైనను, నేనడ్డుపడుదును.

ఇంతకును గోదా సంగతి. దానిని పూడ్చగూడదు. పెద్దలు కోరినట్లే గోదా నిలుచును. కాని వారు కోరినట్లు తాళము వేసి దసరానాడు మాత్రము తీయుటకు గాదు. ప్రతి యుదయమున నందు దిగవలెను. మరియు నొక నియమము: బాలికలకు వేరుగ నొక గంట. పెద్దల ముఖములు ముడుచుకొనుట నాకు గనబడుచునేయున్నది. ఊరిలోని యాడపిల్ల లెల్లరును కరాటే బడికే యేల పోవుచున్నారో యెప్పుడైన నాలోచించితిరా? ఆ బడి తలుపు తెరచియున్నది, మన తలుపు మూసియున్నది. 2004 నుండి ఒలింపిక్సులో స్త్రీల కుస్తీ యున్నది. 2016లో సాక్షీ మలిక్ రియోలో కంచు పతకము గెలిచినది. మన గోదాకు మాత్ర మా వార్త యింకను జేరలేదు. చీకటిపడిన పిమ్మట నింటికి నడచివచ్చు నా మనుమరాలికి వీధిలో నెవడైన నడ్డువచ్చిన, ఆమె చేతనుండు పట్టె వన్నె నడుగడు. పట్టిన చేతిని విడిపించుకొనుట యామె వేయిసార్లు చేసియుండవలెను, నిజముగా బట్టినవారితో.

యువకుల కోరికలోనిది సగము తీరవచ్చును. గోదాప్రక్క వసారాలో చాపలు పరచి జూడో నేర్పించుటకు చందాల సొమ్ము చాలునని కార్యదర్శిగారు లెక్క చూపినారు. గచ్చు మాత్రము వలదు, దానిపై బడినవాడు మరునాడు రాడు.

గోదా మట్టి రెండేండ్లుగా ద్రవ్వక ఱాయివలె బిగిసియున్నది. రేపు తెల్లవారుజామున నైదు గంటలకు నలుగురు పారలతో వచ్చుటకు మాట యిచ్చినారు. త్రవ్వి, జల్లెడపట్టి, నూనెయు పసుపును మజ్జిగయు గలుపవలెను. నూనె డబ్బా నేను తెత్తును. పసు పెవరు తెత్తురో, మజ్జిగ యెవరింట దొరకునో, ఈ సభ లేవకమునుపే కార్యదర్శిగారితో జెప్పుడు.