రంగం రేవులో అడగని పేరు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. "ఏదన్నా చరిత్ర చెప్పండి మాస్టారూ, కాకపోతే కునుకు రాకుండా చెప్పండి" అన్నారు. ముప్పయ్యేళ్ళ పాటు మధ్యాహ్నం భోజనాల తరువాత పీరియడ్లో సోషల్ చెప్పినవాణ్ణి. ఆ హామీ మాత్రం ఇవ్వలేనండి.

పొద్దున టిఫిన్ల దగ్గర అమెరికా నుంచి వచ్చిన మన పిల్లలు ఇమ్మిగ్రేషన్ క్యూ గురించి చెప్పుకుంటున్నారు. ఫొటో, వేలిముద్రలు, ఎందుకొచ్చావు, ఎన్నాళ్ళుంటావు, ఎక్కడ దిగుతావు. ఒకబ్బాయి నవ్వుతూ "ఈ వరసలో నిలబడ్డ మొదటి తరం మాదే కదండీ" అన్నాడు. కాదు నాయనా. మీ ముత్తాతల నాడే మనవాళ్ళు ఓడ దిగి వరసలో నిలబడ్డారు. ఆ రేవు గురించే నాలుగు మాటలు చెబుతాను.

ఇక్కడున్న పెద్దవాళ్ళకు "రంగం" అంటే వేరే చెప్పక్కర్లేదు. రంగూన్. "వాడు రంగం పోయాడు" అంటే అప్పు చేసైనా పోయుండాలి, అప్పు తీర్చడానికైనా పోయుండాలి. మన మెట్ట నుంచి బండి మీద తాడేపల్లిగూడెం, అక్కడ రైలెక్కి గోదావరి మీది 1900 నాటి వంతెన దాటి సామర్లకోట, అక్కడి నుంచి కాకినాడ. కాకినాడ దగ్గర సముద్రం లోతు తక్కువ. స్టీమరు ఒడ్డుకు రాదు, మైళ్ళ దూరాన లంగరేసుకుని నిలబడుతుంది. మనుషుల్ని పడవల మీద దాని దాకా చేరవేసేవారు. అలల మీద ఊగే పడవలోంచి నిచ్చెన పట్టుకుని ఎక్కాలి. అంతకు ముందు ఎన్నడూ సముద్రం చూడని మెట్ట రైతు ఆ నిచ్చెన ఎలా ఎక్కాడో ఊహించుకోండి. టిక్కెట్టు డబ్బు మేస్త్రీ పెట్టుబడి. ఎక్కేవాడు ఎక్కకముందే బాకీదారు. తరువాత మూడు నాలుగు రోజులు డెక్కు మీదే పడక, డెక్కు మీదే వంట, వాన వస్తే డెక్కు మీదే తడవడం.

అసలు మనవాళ్ళకు అక్కడ ఉన్న పేరే ఓడరేవు పేరు. యానానికి దగ్గరలోని కోరంగి నుంచి మొదట ఓడలు వెళ్ళాయి కాబట్టి బర్మాలో తెలుగువాళ్ళను కోరంగీలనేవారు. అది మర్యాదగా అనే మాటేమీ కాదు.

రంగూన్లో దిగాక ఏం జరిగేదంటే, డాక్టరు వచ్చి జ్వరమో మశూచో ఉందేమోనని చూసేవాడు. టీకా మచ్చ లేనివాడికి టీకా వేయించేవారు. తలలు లెక్కపెట్టేవారు. అంతే. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు, సంతకం లేదు, వేలిముద్ర లేదు. ఎందుకంటే 1937 ఏప్రిల్ ఒకటో తేదీ దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. కాకినాడ నుంచి మద్రాసుకు వెళ్ళేవాడికి ఎంత కాగితం కావాలో రంగూన్‌కు వెళ్ళేవాడికీ అంతే కావాలి.

1920ల చివర్లో ఏటా నాలుగు లక్షల పైచిలుకు జనం ఆ రేవులో దిగారు. వలస జనం దిగే రేవుల్లో రంగూన్ న్యూయార్కును కూడా మించిపోయిందని చరిత్రకారులు రాశారు. న్యూయార్కులో దిగినవాడి పేరు, వయసు, ఊరు, జేబులో డబ్బెంత, అక్కడ తెలిసినవాళ్ళెవరు అనే వివరాలన్నీ ఓడ పట్టికలో ఉంటాయి. ఇవాళ వాళ్ళ మునిమనవలు ఆ పట్టికలు తిరగేసి తాత పేరు వెతుక్కుంటున్నారు. రంగూన్లో దిగిన మన లక్షల మందికి మిగిలింది ఒక అంకె. 1939లో బర్మాలో భారతీయుల వలస మీద విచారణకు నియమించిన బాక్స్టర్ గారికి కూడా చేతికందినవి అంకెలే.

ఇందుకు పూర్తిగా తిరగబడ్డ సంగతి ఇంకొకటుంది. అదే దొరల పాలనలో మనవాళ్ళే దక్షిణాఫ్రికా నాటాల్‌కు ఒప్పందం కూలీలుగా వెళ్ళారు. మద్రాసు నుంచి ట్రూరో అనే మొదటి ఓడ 342 మందితో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 దాకా అలా వెళ్ళినవారు లక్షా 52 వేల పైమాట. వాళ్ళలో ప్రతి ఒక్కరికీ ఒక నంబరుంది. ఆ నంబరు ఎదురుగా పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాశారు. ఆఖరి గడిలో ఒంటి మీది గుర్తులు రాశారు. ఎందుకింత శ్రద్ధ? పారిపోతే పట్టుకోవాలి కదా! అయిదేళ్ళ ఒప్పందం మీద కొనుక్కున్న మనిషి. రంగం వెళ్ళినవాణ్ణి మేస్త్రీ అప్పే కట్టేసి ఉంచుతుంది, కనుక దొరతనానికి ఆ గుమాస్తా ఖర్చు దండగ.

కొన్నేళ్ళ కిందట డర్బన్ నుంచి ఒకావిడ వచ్చారు. మన పూర్వ విద్యార్థి ఒకరు నా దగ్గరకు పంపారు. ఆవిడ చేతిలో ఆ పట్టికలో ఒక పేజీ నకలు. ముత్తాతది. జిల్లా గోదావరి. తాలూకా ఎర్నగూడెం. ఊరి పేరు గడిలో, మద్రాసులో కూర్చున్న గుమాస్తాకు ఏం వినిపించిందో ఏమో, ఉట్టి "గూడెం" అని ఉంది. మన వైపు గూడేలెన్నో మీకు తెలుసు. రాయి విసిరితే గూడెంలో పడుతుంది. మూడు గూడేలు తిప్పి చూపించాం. ఆవిడ మూడు చోట్లా పిడికెడేసి మట్టి తీసుకుని, మూడు పొట్లాలు కట్టుకుని, మీద ఏదీ రాయకుండా సంచిలో పెట్టుకున్నారు. తెలుగు ఒక్క ముక్క రాదు. కానీ ఆఖరి గడిలో "ఎడమ మోకాలి మీద మచ్చ" అని ఉన్నదాన్ని వేలితో చూపించి, మా నాన్నకు ఆయన గురించి తెలిసిందల్లా ఇదొక్కటే అన్నారు.

నాకు ఆవిడ మీద అసూయ కలిగిందండి. దాచుకోకుండా చెబుతున్నాను.

ఎందుకంటే మా ఇంట్లోనూ ఒకరున్నారు. మా తాత తమ్ముడు. 1930ల్లో రంగం వెళ్ళాడు. మొదట్లో డబ్బు పంపాడు, రెండు ఉత్తరాలు రాయించాడు. 1941లో వలసలకు పాస్‌పోర్టులు, పర్మిట్లు పెట్టాలని రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకున్నాయి. మన దేశంలో పెద్ద గొడవే అయింది, గాంధీ గారు కూడా తప్పుపట్టారు. మొదటిసారి పేరు రాసుకునే ఏర్పాటు వస్తున్న సమయానికి యుద్ధం వచ్చిపడింది. ఆ డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. ఓడలు దొరికినవాళ్ళు ఓడలెక్కారు, దొరకనివాళ్ళు లక్షల్లో కొండలు, అడవులు దాటి అరకాన్ మీదుగా, మణిపురం మీదుగా నడిచారు. దారిలో పోయినవారికి లెక్క లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా జపాను బాంబులు పడ్డాయి. వెళ్ళిన రేవూ, రావలసిన రేవూ రెండూ కాలుతుంటే ఇంక ఉత్తరం ఎక్కడిది?

చినతాత రాలేదు. పోయాడన్న కబురూ రాలేదు. మా మామ్మ మరిది తద్దినం పెట్టనివ్వలేదు.

ఇక మన బడి సంగతికొస్తాను. 1964లో బర్మా ప్రభుత్వం వ్యాపారాలు జాతీయం చేసి, 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నాక మనవాళ్ళు మళ్ళీ ఓడలెక్కారు. ఈసారి ఇటు. వాళ్ళనే మనం కాందిశీకులన్నాం. మద్రాసులోనూ విశాఖపట్నంలోనూ దిగారు. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఈనాటికీ ఆ పేరుతోనే ఉంది. చూడండి విచిత్రం, వెళ్ళేటప్పుడు ఎవరూ అడగని ప్రశ్నలన్నీ తిరిగొచ్చేటప్పుడు అడిగారు. పేరేమిటి, తండ్రి పేరేమిటి, సొంతూరేది?

ఆ మరుసటి ఏడు మా ఏడో తరగతిలో సగం సంవత్సరం గడిచాక ఒక కుర్రాడు చేరాడు. తెలుగు మాట్లాడేవాడు గానీ కొంచెం సాగదీసేవాడు. మేం వాణ్ణి రంగం అనే పిలిచేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే అదేం బావుండదు గానీ, వాడు పలికేవాడు. వాళ్ళ నాన్న వాణ్ణి చేర్పించడానికి వచ్చినప్పుడు నేను చాక్‌పీసుల కోసం ఆఫీసు గదిలో ఉన్నాను. హెడ్మాస్టరు గారు "సొంతూరేదయ్యా?" అన్నారు. "కెమ్మెండైన్ అండి, రంగూన్లో." "అది కాదయ్యా, ఇక్కడ." ఆయన కాసేపు ఆలోచించి "మా నాన్న తాళ్ళపూడి వైపనేవాడండి. ఊరి పేరు మాత్రం నాకు తెలవదు" అన్నాడు. రాయబోతున్న కలం ఆగిపోవడం నేను చూశాను.

ఈ సంగతి ఇంట్లో చెప్పానో లేదో, మామ్మ నన్ను తీసుకుని వాళ్ళ పాకకు బయల్దేరింది. "బాబూ, మా మరిది మీ రంగంలోనే ఉండేవాడు" అని పేరు చెప్పింది. ఆయన మర్యాదగా లేచి నిలబడి, "ఏ మేస్త్రీ కిందమ్మా?" అని అడిగాడు. మామ్మకు తెలియదు. "రంగంలో మనిషి పేరు చెబితే ఎవరికీ తెలవదమ్మా. ఫలానా మేస్త్రీ మనిషంటేనే తెలుస్తుంది" అన్నాడు. మామ్మ దారిలో ఏం మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మా తాతను ఒకే ఒక్క మాట అడిగింది, "పంపేటప్పుడు మేస్త్రీ పేరు కూడా కనుక్కోలేదా మీరు?" అని. తాత జవాబు చెప్పలేదు. చినతాత గురించి మా ఇంట్లో జరిగిన చివరి సంభాషణ అది.

పోయిన నెల ఈ ప్రసంగం కోసమని, ఇప్పటి హెడ్మాస్టరు గారి అనుమతితో, ఆ ఏటి అడ్మిషన్ రిజిస్టరు తీయించి చూశాను. అట్ట ఊడిపోయింది గానీ సిరా చెక్కుచెదరలేదు. వరస నంబరు, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, ఊరు, అంతకు ముందు చదివిన బడి, పుట్టుమచ్చలు. డర్బన్ పట్టికకూ దీనికీ గడుల్లో తేడా ఎంతుందో మీరే చెప్పండి. ముప్పయ్యేళ్ళు పిల్లల చేత చొక్కాలు ఎత్తించి పుట్టుమచ్చలు వెతికి రాసినవాణ్ణి, నాకే ఎన్నడూ తట్టలేదు.

మా వాడి వరసలో, అంతకు ముందు చదివిన బడి: రంగూన్. గుర్తులు: ఎడమ చేతి మీద టీకా మచ్చ. ఊరు గడిలో, కాస్త ఆగి రాసినట్టు అక్షరాలు కొంచెం పెద్దవిగా: జంగారెడ్డిగూడెం.

ఆయన ఈ సభలోనే ఉన్నారు. పేరు చెప్పొద్దన్నారు కనుక చెప్పను. ఆయన ఎడమ చెయ్యి మాత్రం ఇప్పుడు చొక్కా మీంచి తడుముకుంటున్నారు, నాకిక్కడి నుంచి కనబడుతోంది.

ఆఖరి మాట. బయట రిజిస్ట్రేషన్ బల్ల మీద ఒక తెల్ల నోటుబుక్కు పెట్టించాను. మీ ఇళ్ళ నుంచి రంగమో, డర్బనో, మారిషసో, ఇంకే రేవుకో వెళ్ళినవాళ్ళ పేరు, తండ్రి పేరు, ఊరు, మేస్త్రీ పేరు తెలిస్తే అదీ రాసివ్వండి. సావనీరు చివరి పేజీల్లో వేయడానికి సంపాదకులు ఒప్పుకున్నారు. మొదటి వరస నేను రాశాను. మేస్త్రీ పేరు గడి ఖాళీగా ఉంచాను.