ఏడు లైన్లు, ఒకే కేబుల్

1986 డిసెంబర్ 12న అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ ప్రాంతం, అక్కడి పేరున్న విశ్వవిద్యాలయాలతో సహా, ఆర్పానెట్ నుంచి తెగిపోయింది. పరిశోధకుల కోసం 1969లో నాలుగు కేంద్రాలతో మొదలైన నెట్‌వర్క్ అది. ఒక దారి మూసుకుపోతే సమాచారం మరో దారిన పోవాలన్నదే దాని రూపకల్పన. ఆ ప్రాంతానికి లైన్లు ఏడున్నాయి. కానీ టెలిఫోన్ కంపెనీ చేతుల్లో ఆ ఏడూ ఒకే ఫైబర్ కేబుల్‌లోంచి పోతున్నాయి. న్యూఆర్క్, వైట్ ప్లెయిన్స్‌ల మధ్య కేబుల్ తెగేసరికి ఏడూ ఒక్కసారే పోయాయి. కాబట్టి లెక్కపెట్టవలసింది లైన్లను కాదు, వాటికి ఉమ్మడిగా ఉన్నవాటిని. ఉమ్మడి అంటే తీగే కానక్కర్లేదు. 1980 అక్టోబర్ 27న ఒక్క తీగా తెగకుండానే ఆర్పానెట్ అంతా కొన్ని గంటలు స్తంభించింది. బిట్లు చెడి, ఒకే కేంద్రం పేరున మూడు వరుస సంఖ్యలతో సందేశాలు పుట్టాయి. ఆ సంఖ్యలు గడియారం ముల్లులా చుట్టు తిరిగి మళ్లీ మొదటికి వచ్చేవి. అందువల్ల మూడింటిలో ప్రతిదీ ఇంకోదానికంటే కొత్తదనిపించింది. అన్ని యంత్రాల్లోనూ ఒకే ప్రోగ్రాం కావడంతో అన్నీ ఒకేలా పొరబడి, ఆ సందేశాలనే ఒకదానికొకటి పంపుకుంటూ కూర్చున్నాయి.

లైన్ల వేగం పెంచితే చాలదా అని అడగవచ్చు. వేగం అవసరమే, అమెరికా సైన్స్ ఫౌండేషన్ వారి ఎన్ఎస్ఎఫ్‌నెట్ సెకనుకు 56 కిలోబిట్ల నుంచి 1988లో 1.5 మెగాబిట్లకు ఎదిగింది. అయితే 1986 అక్టోబర్‌లో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ, 400 గజాల దూరంలోని విశ్వవిద్యాలయానికీ మధ్య వేగం సెకనుకు 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకు దిగజారింది. దారిలో పోయిన ప్యాకెట్లను, అంటే సమాచారపు ముక్కలను, ప్రతి కంప్యూటరూ వెంటనే మళ్లీ పంపడంతో రద్దీ ఇంకా ముదిరింది. వాన్ జేకబ్సన్, మైకేల్ కారెల్స్ దాన్ని సరిదిద్దింది కొత్త తీగలతో కాదు. రద్దీ కనబడితే కంప్యూటరే తగ్గేలా, సమాచారం పంపే నియమావళి అయిన టీసీపీని మార్చి.

ఇక ఖర్చు మాట. రెండో దారి ఖరీదైనదే, మనలాంటి దేశానికి మరీను. కానీ ఏడు లైన్లకు అద్దె కట్టినవారికీ పొదుపేమీ కాలేదు. నిజంగా వేరువేరు దారుల్లో రెండున్నా ఆ రోజు గట్టెక్కేవారు. మన దేశంలో విశ్వవిద్యాలయాలను, పరిశోధన సంస్థలను కలపడానికి 2010లో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్‌కూ లైన్లు టెలికాం సంస్థలే ఇవ్వాలి. విశ్వవిద్యాలయం రెండో లైన్ కోరినప్పుడు వేగంతోపాటు, కేబుల్ ఏ రోడ్డు పక్కన, ఏ వంతెన మీదుగా వస్తుందో కూడా ఒప్పందంలో రాయించుకోవచ్చు. దారి మార్చేముందు తెలపాలన్న షరతుకు పెద్దగా డబ్బు కూడా అక్కర్లేదు.