బ్రెమెన్ నగరపు తాళపుచెవి

(శతజయంతి కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



జర్మనీ ఉత్తర భాగమున, వేజర్ నది ఒడ్డున బ్రెమెన్ అనే రేవు పట్టణమున్నది. దాని నగర చిహ్నము ఎర్రని డాలు మీద ఏటవాలుగా ఉన్న ఒక వెండి తాళపుచెవి. పెద్ద చిహ్నములో రెండు సింహములు కూడ ఉన్నవి గాని, అవి ఇరుప్రక్కల డాలును పట్టుకొని నిలిచిన కావలివారు మాత్రమే. గౌరవమంతా తాళపుచెవిదే.

అది అపొస్తలుడైన పేతురుది. మత్తయి 16వ అధ్యాయము మనకు తెలిసినదే. 787లో బిషప్పుగా అభిషేకము పొందిన విల్లెహాద్, 789 నవంబరు 1న బ్రెమెన్‌లో పేతురు పేరట దేవాలయమును ప్రతిష్ఠించెను. వారము తిరిగేసరికి ఆయన ప్రభువునందు నిద్రించెను. ఆ దేవాలయమే తరువాత పెద్ద కథీడ్రల్ అయినది. దాని పేతురు తాళపుచెవి నగరమునకే గురుతైనది.

1522లో హెన్రిక్ ఫాన్ జూట్ఫెన్ అనే సన్యాసి అక్కడ సంస్కరణ సువార్త ప్రకటించెను. రెండేండ్లకే, 1524లో, మరొక ప్రాంతమున ఆయనను దహించివేసిరి. బ్రెమెన్ మాత్రము సంస్కరణను విడువలేదు. రోము పోపు చిహ్నములోనూ పేతురు తాళపుచెవులే ఉన్నవి గదా! అయినను ఆ నగరము తన తాళపుచెవిని పారవేయలేదు. తాళపుచెవులు ఒక్కరి పెత్తనమునకు కాదు, పాపక్షమాపణ నిమిత్తము సంఘమంతటికి ఇయ్యబడినవని లూథరు 1530లో వాటిని గూర్చియే ఒక గ్రంథము వ్రాసెను.

పొరుగు నగరమైన హాంబుర్గు చిహ్నములో కోట, ద్వారము ఉండును. హాంబుర్గు ప్రపంచానికి ద్వారమైతే దాని తాళపుచెవి మాయొద్ద ఉన్నదని బ్రెమెన్‌వారు పరిహాసమాడుదురు. ఆ హాంబుర్గులోనే 1836లో ఉత్తర జర్మన్ మిషనెరీ సంఘము పుట్టినది. 1840ల దశకంలో వారు పంపిన వాలెట్ దొరగారు రాజమండ్రిలో సేవ ప్రారంభించిరి. 1850 ప్రాంతమున ఆ సేవను అమెరికా లూథరన్లకు అప్పగించిరి. 1851లో మిషను కార్యస్థానము బ్రెమెన్‌కు మారినది. తాము దున్నిన పొలమును ఇతరుల చేతికిచ్చిరి, పంట ఆగలేదు.

ఇది చదివినప్పుడు మాకు సిగ్గు కలిగినది. కొన్నేండ్ల క్రిందట మా ఊరి గుడికి, రెండు పక్షముల తగవు వలన, రెండు తాళములు పడినవి. ఎవరి తాళపుచెవి వారి మొలలోనే ఉన్నది. మేము పిల్లలతో చింతచెట్టు క్రింద కూర్చుండి ఆరాధించితిమి. లోపల బల్ల మీద దుమ్ము పేరుకొన్నది.

తాళపుచెవితో తలుపు మూయవచ్చును, తెరువనూ వచ్చును. ఈ నూరేండ్లలో మన పెద్దలు మనకు తెరచిన తలుపులనే అప్పగించిరి. రాబోవు నూరేండ్లవారికి మనము వాటిని తెరచియే అప్పగించుదుము గాక. ఆమేన్.