మా నాయనగారితో ఇటలీ రైలు ప్రయాణము



సికింద్రాబాదు చెంతనున్న లాలాగూడ రైలు కార్మికుల పేట. అచ్చటి రైలుపెట్టెల కార్ఖానా నైజాము రైల్వే వారి కాలమున 1893లో వెలసినది. మా తాతగారు అందు పనిచేసిరి. మా నాయనగారును 1958లో అందే చేరి, 1996లో విరమించువరకు ముప్పదియెనిమిదేండ్లు పెట్టెల చక్రములను, బ్రేకులను బాగుచేసిరి. అట్టి వారిని వెంటబెట్టుకొని 2017లో నేను ఇటలీ నగరములను రైలుమార్గమున చూచివచ్చితిని. ఆ యాత్రలో నాకు తెలిసివచ్చిన యొక సంగతిని నేడు మీకు మనవి చేయుదును.

మేము మొదట చేరినది మిలాను నగరము. 1931లో తెరచిన అచ్చటి పెద్ద స్టేషనులో ఇరువదినాలుగు ప్లాటుఫారములు కలవు. పైకప్పు ఇనుపకమానులతోను, అద్దములతోను కట్టబడినది. ఎల్లరు తలయెత్తి ఆ కమానులను చూచుచుండగా, మా నాయనగారు తలవంచి పట్టాలను చూచిరి. "మన పట్టాలకంటె జానెడు ఇరుకుగా నున్నవిరా" అనిరి. నేను నవ్వి యూరకుంటిని. ఆ రాత్రి విచారింపగా మన పెద్దపట్టాల నడుమ ఎడము 1676 మిల్లీమీటర్లనియు, వారి పట్టాల నడుమ 1435 మిల్లీమీటర్లనియు తెలిసినది. భేదము 241, అనగా ఇంచుమించు జానెడే.

మరునాడు వెనిసునకు పోయితిమి. ఆ యూరు సముద్రపు కయ్యలో నున్నది. 1846లో తెరచిన రైలువంతెన 222 కమానులతో నీటిమీదుగా బండిని ఊరిలోనికి చేర్చును. అది చూచి నాయనగారికి రామేశ్వరము త్రోవలో 1914లో తెరచిన పాత పాంబను వంతెన జ్ఞప్తికి వచ్చినది. బండిలో ఊళ్లపేర్లు చదువుచుండగా వారు చెవియొగ్గి వినిరి. మనము మిలాను, వెనిసు, ఫ్లోరెన్సు అనుచున్న వానిని ఆ దేశస్థులు మిలానో, వెనేజియా, ఫిరెంజె అందురు. "మన మాటలవలెనే అచ్చుతో ముగియుచున్నవే!" అని వారు సంతోషించిరి. పాశ్చాత్యులు కొందరు తెలుగును తూర్పుదేశపు ఇటాలియను భాష యనుటకు హేతువు ఇదియే. పుస్తకము చూచి నే నెరిగిన విషయమును వారు చెవితోనే గ్రహించిరి.

ఇక అసలు సంగతి. ఫ్లోరెన్సునుండి పీసాకు పోవు చిన్నబండికి టిక్కెట్లు కొంటిని. ప్లాటుఫారము మీద గోడకు తగిలించిన యొక చిన్న యంత్రములో జనులు టిక్కెట్టు దూర్చి, తీసికొని, బండి యెక్కుచుండిరి. నాయనగారు నన్ను నిలిపి "ఏమిరా అది? మనము దూర్చవద్దా?" అని యడిగిరి. నేను తొందరలో నుంటిని. "మీకు తెలియదు, ఎక్కుడు" అంటిని. వారు మారుమాటాడక యెక్కిరి.

బండి కదలిన కొంతసేపటికి టిక్కెట్లు తనిఖీచేయు ఉద్యోగిని వచ్చి, మా టిక్కెట్లను త్రిప్పిచూచి తల యూపినది. ఆ టిక్కెట్టు మీద ఫలానా బండియని యుండదు. యంత్రము వేసిన తేది, వేళల ముద్రయే అది వాడబడినదనుటకు గుర్తు. ముద్రలేనిచో దానిని మరల వాడవచ్చును గదా! కనుక జరిమానా చెల్లింపవలెనని చెప్పినది. మేము పరదేశులమని, డబ్బిచ్చియే టిక్కెట్టు కొంటిమని నేను గట్టిగా వాదించితిని. చుట్టునున్నవారు మావంక చూడసాగిరి. మా నాయనగారు తమ పింఛను సొమ్మునుండి మార్పించి తెచ్చుకొన్న నోట్లను తీసి, రెండుచేతులతో ఆమెకిచ్చి, రసీదు పుచ్చుకొనిరి.

తరువాత వారు నన్నేమియు కోపింపలేదు. "ఉద్యోగమంతయు పాసుమీద తిరిగినవాడను. టిక్కెట్టు సంగతి నాకు నిజముగా తెలియదు. తెలియదు గనుకనే అడిగితిని" అని మాత్ర మనిరి. పీసాలో 1173లో మొదలిడిన ఒరిగిన గోపురమును చూచుచున్నను నా మనస్సు అందు నిలువలేదు. జరిమానా ఎంతయని కాదు. రైలును నమ్ముకొని బ్రతికిన మనిషిని రైలులోనే పదిమందియెదుట దోషిగా నిలిపితిని గదా యని బాధ.

ఫ్లోరెన్సునుండి రోముకు పోవు వేగపుమార్గము తొలిభాగము 1977లో తెరచిరి. ఐరోపాలో అట్టి వేగపుమార్గములకు ఇదియే మొదటిది. ఆ బండి యెక్కునపుడు టిక్కెట్లను నాయనగారి చేతికిచ్చితిని. వారు యంత్రముకొరకు వెదకిరి. ఈ టిక్కెట్టులో బండియు, స్థలమును వ్రాసియున్నవి గనుక ముద్ర అక్కరలేదని నాకు తెలియును. అయినను వారు "ఒకమా రడిగి రమ్ము" అనగా పోయి అడిగితిని. అక్కరలేదని అచ్చటి ఉద్యోగి చెప్పెను. ఆ మాటయే తిరిగివచ్చి వారికి చెప్పితిని. వారు తల యూపి బండి యెక్కి, కిటికీ అంచున అరచేయి మోపి, చక్రముల అదురును పరీక్షించుచు రోము వచ్చువరకు కూర్చుండిరి.

పెద్దలారా, మీ బిడ్డలు దూరదేశమునకు రమ్మని పిలిచినచో, భాష రాదని, చదువు చాలదని వెనుకాడకుడు. మీ పని నేర్పిన చూపు మీకు తోడు వచ్చును. త్రోవలో మీకు తోచినది అడుగుడు. బిడ్డలు విసుగుకొన్నను రెండవమారు అడుగుడు. నా వంటి కొడుకులకు నేను చెప్పగలది ఒక్కటే: పెద్దవారు నిలిపి అడిగినపుడు ఒక్క నిమిషము నిలువుడు.