‘స్వింగ్’ చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి?



ఎన్నికల ఫలితాల రోజున ఇంగ్లీషు వార్తల్లో ‘స్వింగ్’ అనే మాట పదే పదే వినబడుతుంది. స్వింగ్ అంటే ఊయల అనీ, ఊగడం అనీ మీకు తెలుసు. రాజకీయాల్లో మాత్రం అది ఒక కొలత. ఒక ఎన్నికకూ మరో ఎన్నికకూ మధ్య ఓట్ల మొగ్గు ఒక పార్టీ నుంచి ఇంకో పార్టీ వైపు ఎంత జరిగిందో అది చెబుతుంది. బ్రిటన్‌లో ఈ కొలతను ప్రచారంలోకి తెచ్చినవారు ఎన్నికల పరిశోధకుడు డేవిడ్ బట్లర్.

ముందుగా లెక్క చూద్దాం. ఒక పార్టీకి పెరిగిన ఓట్ల శాతాన్నీ, రెండో పార్టీకి తగ్గిన ఓట్ల శాతాన్నీ కూడి, రెండుతో భాగించాలి. బ్రిటన్‌లో 2019 సార్వత్రిక ఎన్నికల్లో కన్సర్వేటివ్ పార్టీకి 43.6 శాతం, లేబర్ పార్టీకి 32.1 శాతం ఓట్లు వచ్చాయి. 2024లో ఇవి వరుసగా 23.7, 33.7 శాతం. మొదటిదానికి 19.9 తగ్గింది, రెండోదానికి 1.6 పెరిగింది. మొత్తం 21.5. అందులో సగం, దాదాపు 10.8. ఇదే స్వింగ్.

ఇక్కడ ఇంగ్లీషులో ఒక జాగ్రత్త అవసరం. 43.6 నుంచి 23.7కు పడిపోవడాన్ని 19.9 ‘పర్సెంట్’ తగ్గుదల అనకూడదు, 19.9 ‘పర్సెంటేజ్ పాయింట్లు’ అనాలి. పర్సెంట్‌లో చెప్పాలంటే ఆ పార్టీ తన ఓట్ల వాటాలో దాదాపు 46 శాతం పోగొట్టుకుంది. రెండూ నిజమే, కాని రెండూ ఒకటి కావు.

ఈ ఫలితాన్ని ఇంగ్లీషులో ‘స్వింగ్ ఫ్రమ్ కన్సర్వేటివ్ టు లేబర్’ అంటారు. ‘ఫ్రమ్’, ‘టు’ అనే మాటలు వినగానే మనకేమనిపిస్తుంది? నూటికి పదకొండు మంది ఓటర్లు ఒక గడప దిగి మరో గడప ఎక్కినట్టు అనిపిస్తుంది. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

లేబర్ పార్టీకి 2019లో వచ్చిన ఓట్లు సుమారు 1 కోటి 2 లక్షల 70 వేలు. 2024లో వచ్చినవి సుమారు 97 లక్షలు. అంటే ఓట్లు తగ్గాయి! అయినా వాటా పెరిగింది, ఎందుకంటే పోలైన మొత్తం ఓట్లే తగ్గాయి. ఓటు వేసినవారి శాతాన్ని ‘టర్నౌట్’ అంటారు. అది 67 నుంచి 60కి దిగింది. కన్సర్వేటివ్ పార్టీని వదిలినవారిలో చాలామంది రిఫార్మ్ యూకే అనే మరో పార్టీ వైపు వెళ్లినట్టు ఎన్నికల తర్వాతి సర్వేలు తెలిపాయి. ప్రత్యర్థి ఓట్లు అలా చీలడంతో లేబర్ స్థానాలు 202 నుంచి 411కి పెరిగాయి. ఇలాంటి ఘనవిజయాన్ని ‘ల్యాండ్‌స్లైడ్’ అంటారు. ఆ మాటకు అసలు అర్థం కొండచరియ విరిగిపడటం.

ఇదే సంగతిని చిన్న లెక్కతో చూడండి. ఒక ఊళ్లో 100 ఓట్లు పోలయ్యాయి, ఒక పార్టీకి 60, రెండో పార్టీకి 40 అనుకుందాం. తర్వాతి ఎన్నికల్లో చెరో 50 వచ్చాయి. స్వింగ్ 10. ఇది ఎలా జరిగి ఉండవచ్చు? మొదటి పార్టీవారు 10 మంది రెండో పార్టీకి ఓటు వేసి ఉండవచ్చు. లేదా ఒక్కరూ మారకుండానే, మొదటి పార్టీవారు 10 మంది ఇంట్లో కూర్చుని ఉండవచ్చు, కొత్తగా 18 ఏళ్లు నిండిన 10 మంది రెండో పార్టీకి వేసి ఉండవచ్చు. రెండు సందర్భాల్లోనూ స్వింగ్ 10 మాత్రమే. నీళ్ల తొట్టిలో మట్టం చూసి, ఎన్ని నీళ్లు పోశారో, ఎన్ని తోడారో విడివిడిగా చెప్పగలమా?

దీన్ని ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, ఫలితాల మర్నాడు మన ఊళ్లలో వినబడే మాట ఒకటుంది: ‘ఫలానా పేటవాళ్లు మాట తప్పారు, వాళ్లవల్లే ఓడిపోయాం.’ ఆ ఒక్క మాటతో పలకరింపులు ఆగిపోతాయి, పనికి పిలవడం మానేస్తారు. పోలింగు బూత్‌వారీ అంకెలు చేతిలో ఉన్నా, వాటినిబట్టి ఏ ఇంటివారు ఎటు మారారో తేల్చలేం. అంకెలు మొత్తాన్ని చెబుతాయి, మనిషిని చెప్పవు. ఓటు రహస్యం కనుక, మనిషిని చెప్పకూడదు కూడా.

కాబట్టి స్వింగ్ అనే మాట విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. మారింది ఓట్ల సంఖ్యా, వాటానా? టర్నౌట్ పెరిగిందా, తగ్గిందా? మూడో పార్టీకి ఎన్ని వచ్చాయి? మీ నియోజకవర్గంలో జరిగిన గత రెండు ఎన్నికల అంకెలు తీసుకుని, ఈ లెక్క మీరే చేసి చూడండి. వచ్చిన జవాబును ఎవరి మీదా నిందగా వాడకండి.