శరణాగతియు, వ్యక్తిపూజయు

మా మిత్రులొకరు చిరకాలము ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నవారు. ఏటేట కార్తికమాసమున అయ్యప్ప దీక్ష వహించుట వారికి అలవాటు. వారి కుమారుడు చదువుకొన్నవాడు. మంచి ఉద్యోగమున నుండినవాడు. రెండేండ్ల క్రిందట అతడొక గురువును ఆశ్రయించెను. మొదట ఆదివారములందు సత్సంగమునకు మాత్రము పోవుచుండెను. పిదప ఉద్యోగము మానెను. తన వాటాకు వచ్చిన పొలమును అమ్మి ఆ సొమ్మును ఆశ్రమమున కిచ్చెను. తోడబుట్టిన చెల్లెలి పెండ్లికి రాలేదు. తండ్రి వెళ్లి నిలదీయగా, అతడు శాంతముగనే ఒక ప్రశ్న వేసెను: "నాన్నగారూ! మీరు నలుబదియొక్క దినములు నల్లబట్ట కట్టి, చన్నీటి స్నానము చేసి, నేలపై పరుండినచో అది భక్తి. నేను నా గురువుగారి మాట జవదాటకున్నచో అది పిచ్చి యగునా? భేద మెక్కడ నున్నది?"

మిత్రులకు సమాధానము తోచలేదు. మాయొద్దకు వచ్చి అదే ప్రశ్నను మా ముందుంచిరి. నిజము చెప్పవలెనన్న, మాకును వెంటనే తోచలేదు. ఆ ప్రశ్నను గూర్చి మేము చేసిన ఆలోచనయే నేటి ప్రసంగము.

తొలుత తేలికగా దొరకు సమాధానములను ప్రక్కకు పెట్టుదము. భేదము తీవ్రతలో నున్నదందుమా? రంజాను మాసమున పగలెల్ల నీరైన ముట్టని ముసల్మానుయొక్క నిష్ఠయు, కొండ మెట్లను మోకాళ్లతో ఎక్కు భక్తురాలి నిష్ఠయు తీవ్రమైనవే. వారిని చూచి మనము చేతులు జోడింతుము గాని వెరవము. భేదము ప్రాచీనతలో నున్నదందుమా? నేటి ప్రాచీన మతము లన్నియు ఒకనాడు క్రొత్తవే. రోమను సామ్రాజ్యమున తొలినాటి క్రైస్తవులను నరమాంసభక్షకులని కూడ లోకము నిందించెను. చేరినవారి సంఖ్యలో నున్నదందుమా? పదిమంది నమ్మినది అసత్యమును, పదికోట్లమంది నమ్మినది సత్యమును కానేరవు. ఆంగ్లేయులు ఇట్టి సంఘములను 'కల్ట్' అందురు. ఆ మాటకు మూలమైన లాటిను పదమునకు పూజ, సేవ అనియే అర్థము. అనగా పేరులోను దోషము లేదు. దోషమును వేరొకచోట వెదకవలెను.

అట్లు వెదకుటకు, లోకమెల్ల నెరిగిన రెండు సంఘటనలను జ్ఞప్తికి తెచ్చుకొందము.

అమెరికాలో 1950 దశకమున ఇండియానాపొలిస్ నగరమందు జిమ్ జోన్స్ అను బోధకుడు 'పీపుల్స్ టెంపుల్' అను సంఘమును స్థాపించెను. నల్లవారును తెల్లవారును వేరువేరు ప్రార్థనాలయములకు పోవుచుండిన ఆ కాలమున, అతడు వారిని ఒక్కచోట కూర్చుండబెట్టెను. ఆకలిగొన్నవారికి అన్నము పెట్టించెను. ఇది మరువరాని విషయము. ఆ సంఘమున చేరినవారు దుష్టులు కారు; మంచితనమును వెదకికొనుచు వచ్చినవారు. సంఘము తరువాత కాలిఫోర్నియాకును, అటుపై 1970 దశకమున దక్షిణ అమెరికాలోని గయానా దేశపు అడవికిని తరలెను. అచ్చట వెలసిన ఊరికి జోన్స్‌టౌన్ అని నాయకుని పేరే పెట్టిరి. వచ్చినవారి పాస్‌పోర్టులను సంఘము తీసికొని దాచెను. వారు ఇంటికి వ్రాయు ఉత్తరములను పెద్దలు ముందుగా చదివెడివారు. పొలములో నున్నను, పాకలో నున్నను లౌడుస్పీకరులో నాయకుని కంఠమే వినబడుచుండెడిది.

బంధువులు మొర పెట్టుకొనగా, అమెరికా ప్రతినిధిసభ సభ్యుడు లియో రయన్ 1978 నవంబరులో విచారణకై అచ్చటికి వెళ్లెను. కొందరు ఆయనతో కూడ వెళ్లిపోయెదమనిరి. అంతమాత్రమునకే, నవంబరు 18న వారు విమానమెక్కబోవుచుండగా, సంఘమువారు రయనును, మరి నలుగురిని కాల్చి చంపిరి. ఆ సాయంకాలమే సైనైడు కలిపిన పానీయమును ఊరివారిచే త్రాగించిరి. ఆ ఒక్కదినమున పోయినవారు మొత్తము 918 మంది. వారిలో 300కు పైగా పిల్లలు. ఆ పసివారు నమ్మినది గురువును గాదు, తమ తల్లిదండ్రులను.

రెండవది జపాను దేశమున జరిగినది. షోకో అసహారా అనువాడు 1984లో టోకియోలో ఒక యోగాభ్యాస కేంద్రమును తెరచెను. అది కొన్ని యేండ్లకే 'ఓమ్ షిన్రిక్యో' అను మతసంఘమైనది. దానిపేరిటనే మన ఓంకార మున్నది. గొప్ప విశ్వవిద్యాలయములలో చదివినవారు దానిలో చేరి, ఆస్తులను సమర్పించి, ఇండ్లను విడిచిరి. పిల్లలను పోగొట్టుకొన్న తలిదండ్రుల పక్షమున నిలిచిన ఒక న్యాయవాదిని 1989లో భార్యాబిడ్డలతో సహా సంఘమువారు చంపిరి. 1995 మార్చి 20న టోకియో భూగర్భ రైళ్లలో సారిన్ అను విషవాయువును విడిచిరి. పదిమందికి పైగా మరణించిరి, వేలకొలది అస్వస్థులైరి. ఆ విషమును స్వయముగా విడిచినవారిలో ఒకడు గుండెజబ్బులకు చికిత్స చేయు వైద్యుడు! నాయకునికిని, పన్నిద్దరు శిష్యులకును 2018 జూలైలో ఉరిశిక్ష అమలు జరిగినది.

చదువు లేకపోవుటవలన మనుష్యులు ఇట్టి వలలో పడుదురని అనుకొనువారికి ఆ వైద్యుని వృత్తాంతము చాలును. రాబర్టు జే లిఫ్టన్ అను అమెరికను మనస్తత్త్వవైద్యుడు, చైనాలో మనస్సులను మార్చు శిక్షణకు లోనైనవారిని పరిశీలించి 1961లో ఒక గ్రంథము ప్రకటించెను. తరువాత ఈ జపాను సంఘమును గూర్చియు వ్రాసెను. మనస్సును బంధించు పద్ధతులకు ఆయన ఎనిమిది లక్షణములు చెప్పెను. బయటి మాట చెవిని పడకుండ చేయుట, అంతరంగములోని తప్పులనెల్ల ఒప్పించి చెప్పించుట, సిద్ధాంతమునకు విరుద్ధమైనచో మనిషి తన అనుభవమునే అబద్ధమనుకొనునట్లు చేయుట వానిలో కొన్ని. వీనిలో ఏదియు దేవునికి సంబంధించినది కాదు. అన్నియు మనుష్యులకు మనుష్యులు చేయు పనులే. ఈ మాట మాకు దారి చూపినది. ఏమి నమ్ముచున్నారని గాక, నమ్మినవాని నేమి చేయుచున్నారని అడుగవలెను.

అట్లడిగినచో మాకు మూడు ప్రశ్నలు తోచినవి.

మొదటిది: ఇచ్చట ప్రశ్నించుటకు చోటున్నదా? మన కంచెర్ల గోపన్న కథ తెలుగునాట తెలియనివారు లేరు. 17వ శతాబ్దమున పాల్వంచ ప్రాంతమున తహసీల్దారుగా నుండి, భద్రాచలమున రామునికి గుడి కట్టించి, సర్కారు పైకము వాడెనని గోలకొండ చెరలో పడెను. ఆ చెరలో రామదాసు ఏమి చేసెను? రాముని నిలదీసెను. నగలకైన ఖర్చును లెక్కకట్టి చెప్పి దెప్పిపొడిచెను. పిదప తానే నొచ్చుకొని మన్నింపు వేడెను. ఆయన భక్తుడు కాడని ఎవరైన అనిరా? నేటికిని ఆ దెప్పుళ్లను మన ఇండ్లలో పాడుకొనుచున్నాము. క్రైస్తవుల బైబిలులో యోబు అను భక్తుడును దేవునితో వాదమాడినవాడే. కేసపుత్తమను ఊరిలో కాలాములు సందేహపడగా, గురువు చెప్పినాడనియో, పరంపరగా వచ్చినదనియో దేనిని నమ్మవలదని, మేలుకీళ్లను తామే పరీక్షించి తెలిసికొనుడని బుద్ధుడు బోధించినట్లు బౌద్ధ గ్రంథములు తెలుపుచున్నవి. దేవునితోనే పోట్లాడుటకు వీలున్నచోట మనిషితో పోట్లాడుటకు వీలు లేకుండుట యేమి?

రెండవది: గురువునకు పైన ధర్మమొకటి యున్నదా? లేక గురువే ధర్మమా? శ్రీవైష్ణవ సంప్రదాయమున ఒక కథ కలదు. రామానుజులు పదునెనిమిది మారులు తిరిగి తిరిగి, తిరుక్కోట్టియూరు నంబియొద్ద రహస్యార్థమును పొందిరి. ఎవరికిని చెప్పరాదని, చెప్పినచో నరకమే గతి యని గురువు శాసించెను. రామానుజులు ఆలయమున ఎత్తైన చోట నిలిచి అందరికిని చాటిరి. తాను నరకమునకు పోయినను ఇందరు తరింతురు గదా యనిరి. శిష్యుడు మాట తప్పెను; కాని ఆ కరుణను చూచి గురువే కరగి కౌగిలించుకొనెను. ఈ కథలో గొప్పవా రిద్దరు. కరుణ కొరకు ఆజ్ఞను దాటిన శిష్యుడొకరు, ఆ కరుణకు తల వంచిన గురువు మరియొకరు.

శరణాగతి యను మాటను గూర్చి ఇచ్చటనే చెప్పవలెను. సర్వమును భగవంతునికి అర్పించుట శరణాగతి. గురువు ఆ మార్గమున చేయి పట్టుకొని నడిపించువాడు. తానును శరణు చొచ్చినవాడే. నడిపించువాడే గమ్యస్థానమున కూర్చుండి, ఆ అర్పణనంతయు తానే అందుకొనిననాడు శరణాగతి వ్యక్తిపూజగా మారును. మాట ఒకటియే, భంగిమ ఒకటియే; కాని చేరు చోటు మారినది.

మూడవది: వెలుపలికి వచ్చుటకు తలుపున్నదా? ఇది మిక్కిలి సులువైన పరీక్ష. మిక్కిలి కఠినమైన పరీక్షయు ఇదియే. జోన్స్‌టౌనులో మారణకాండకు కారణమేమి? ఎవరో దేవుని దూషించుట గాదు; కొందరు ఇంటికి పోయెదమనుట.

మా మిత్రుల దీక్షను ఈ మూడు ప్రశ్నలతో పోల్చి చూచితిమి. దీక్షకు నలుబదియొక్క దినములని గడువున్నది. యాత్ర ముగిసిన పిదప మాల తీయుట కూడ దీక్షలో భాగమే. దీక్షాకాలమున ఆయన ఇంటనే యుండెడివారు. ఉద్యోగకాలమున బడికి వెళ్లి పాఠములు చెప్పెడివారు. అన్నిటికంటె ముఖ్యము, మాల వేసినవారందరును ఒకరినొకరు 'స్వామీ' అని పిలుచుకొందురు. చిన్నవాడును స్వామియే, పెద్దవాడును స్వామియే. ఆ మాట ఒక్కని సొత్తు కాదు.

తలుపు తెరచుటయే గాక, ఇంటినే విప్పివేసిన గురువొకరు మన తెలుగుగడ్డపైననే పుట్టిరి. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో జన్మించిరి. ఆయన జగద్గురువు కాగలడని నమ్మిన దివ్యజ్ఞాన సమాజమువారు 1911లో ఆయన నాయకుడుగా నక్షత్ర సంఘము నొకదానిని స్థాపించిరి. దేశదేశముల వేలమంది చేరిరి, ఆస్తులు సమకూరెను. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో, అనీబెసెంటు ఎదుట, కొన్నివేలమంది సభ్యుల ఎదుట, ఆయన ఆ సంఘమును రద్దు చేసితినని ప్రకటించెను. తనకు అనుచరులు వలదనెను. సంఘమున కిచ్చిన కోటను, భూములను దాతకు తిరిగి ఇప్పించెను. తనను దేవునిగా కొలుచుటకు సిద్ధముగా నున్నవారి నడుమ నిలిచి, వలదని చెప్పుట సామాన్యము కాదు. ఆయన సిద్ధాంతములతో ఏకీభవింపనివారును ఆ దినమును గౌరవింపవలసినదే.

ఇంతవరకు చెప్పినదానిని విని, మన మతము ప్రాచీనము గనుక మనకీ భయము లేదని ఎవరును నిశ్చింతగా నుండరాదు. ఈ మూడు ప్రశ్నలు ప్రతి మఠమునకును, ప్రతి చర్చికిని, ప్రతి దర్గాకును, ప్రతి ఇంటికిని వర్తించును. 2017 ఆగస్టు 25న హర్యానాలోని పంచకులలో న్యాయస్థానము ఒక గురువును అత్యాచారనేరమున దోషి యని తీర్పు చెప్పగా, అనుచరులు వీధులకెక్కి నిప్పు పెట్టిరి. ఆ అల్లరులలోను, కాల్పులలోను 30 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. న్యాయము కోరి నిలిచిన స్త్రీల కన్నీరు ఆ సమూహమునకు కనబడలేదు. దేవుని పేరు నిత్యము పలుకు నోటితోనే వారు ఒక మనిషిని ధర్మమునకు మీద నిలిపిరి. మన ఇంట, మన గుడిలో పెద్దవాని తప్పును కప్పిపుచ్చి, అడిగినవానిని ద్రోహి యనిననాడు మనమును అదే మార్గమున మొదటి అడుగు వేసినవార మగుదుము.

కావున, గాఢమైన మతవిశ్వాసమునకును వ్యక్తిపూజకును భేద మున్నదా యన్న ప్రశ్నకు, ఉన్నదనియే మా సమాధానము. కాని ఆ భేదము రెండు మతముల నడుమ గీచిన గీత కాదు. ఒకే మతములో, ఒకే ఆశ్రమములో, ఒక్కొక్కప్పుడు ఒకే మనిషి హృదయములో ఆ గీత యున్నది. విశ్వాసము మనిషిని పెద్దవానిని చేసి ఇంటికి, ఇరుగుపొరుగునకు తిరిగి ఇచ్చును. వ్యక్తిపూజ మనిషిని పుచ్చుకొనును, తిరిగి ఇయ్యదు.

ఈ మాటలన్నియు మిత్రులకు చెప్పితిమి. కుమారునికి చెప్పుడని మాత్రము చెప్పలేదు. వాదములో ఓడినవాడు మనస్సు మార్చుకొనడు. గురువును తిట్టినకొలది శిష్యుడు గురువునకు మరింత దగ్గరగును. "ఆశ్రమమునకు తలుపున్నదో లేదో మనకు తెలియదు. మీ ఇంటి తలుపు మాత్రము మూయకుడు" అంటిమి. మిత్రులిప్పుడు ప్రతి ఆదివారమును కుమారునికి ఫోను చేయుచున్నారు. గురువు ప్రసక్తి తేరు. పెరటిలోని మామిడి కాచినదనియో, చెల్లెలికి బిడ్డ పుట్టినదనియో చెప్పుదురు. కొన్ని వారములు అవతలనుండి సమాధాన ముండదు. మొన్నటి ఆదివారము మాత్రము, బిడ్డకు ఏమి పేరు పెట్టిరని అతడడిగెనట.