స్టీరింగ్ బరువైంది, నేను పట్టించుకోలే: మా తాత స్టాండర్డ్ హెరాల్డ్ కథ

ఇప్పుడు నేను నిజాంసాగర్ డ్యామ్ దగ్గర ఉన్నా. నా వెనక కనిపిస్తున్న ఈ చిన్న కారే ఇవాళ్టి టాపిక్. పేరు స్టాండర్డ్ హెరాల్డ్. పొద్దున బోధన్‌లో బయల్దేరి రుద్రూర్, బాన్సువాడ మీదుగా వచ్చిన. దారిలో రెండుసార్లు ఆగిన. ఒకసారి నా చాయ్ కోసం, ఇంకోసారి దీని రేడియేటర్ నీళ్ల కోసం.

"అన్నా, ఇది స్పోర్ట్స్ కారా?" అని కామెంట్ పెడతారని తెలుసు. కాదు. కానీ దగ్గరి చుట్టమే. 1959లో ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ హెరాల్డ్ వచ్చింది. డిజైన్ ఇటలీకి చెందిన జియోవాన్ని మికెలొట్టిది. 1961 నుంచి దీన్ని మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ తయారుచేసింది. 1962లో ఇంగ్లండ్‌లో ఇదే చాసిస్‌ను పొట్టిగా చేసి, దాని మీద స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తీశారు. అంటే ఇది స్పిట్‌ఫైర్‌కి అన్న అన్నట్టు.

ఇది మా ఇంటికి ఎట్లా వచ్చిందంటే, మా తాత బోధన్ షుగర్ ఫ్యాక్టరీలో ఫిట్టర్. అక్కడి ఆఫీసర్ ఒకాయన ఊరు వదిలి పోతూ దీన్ని తాతకు అమ్మిండు. 1937లో పెట్టిన ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. కారు మాత్రం ఇంకా నడుస్తుంది.

ఇప్పుడు డ్రైవింగ్ గురించి. ఇంజిన్ 948 సీసీ. మీలో కొందరి బైక్ ఇంజినే దీనికంటే పెద్దగా ఉండొచ్చు! పవర్ స్టీరింగ్ లేదు, ఏసీ లేదు. చలికాలం పొద్దున చోక్ లాగాలి. ఫస్ట్ గేర్‌కి సింక్రో లేదు. వడ్ల ట్రాక్టర్ వెనక నెమ్మదిగా పోతూ తొందరపడి ఫస్ట్‌లో వేస్తే గరగర అని తిడతది. కానీ యూటర్న్ చూడాలి ఫ్రెండ్స్. 25 అడుగుల వెడల్పులో గిర్రున తిరుగుతది. మా గల్లీలో ఆటోలు రివర్స్ తీసుకునే చోట నేను ఒక్కసారిలో తిప్పేస్తా.

ఒక్క జాగ్రత్త. దీని వెనక ఇరుసు పాతకాలం స్వింగ్ యాక్సిల్. మలుపులోకి స్పీడ్‌గా పోయి, మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే వెనక చక్రాలు లోపలికి ముడుచుకుంటయి, కారు జారిపోతది. అందుకే మలుపుకి ముందే స్లో చేయాలి, తిరిగేటప్పుడు కాలు నిలకడగా ఉంచాలి. కాలువ పక్క మలుపుల్లో 40 స్పీడ్‌లోనే నాకు రేసింగ్ మజా వస్తది!

ఇక మెయింటెనెన్స్. బానెట్ మొత్తం, మడ్‌గార్డులతో సహా ముందుకి లేస్తది. ముందు టైర్ మీద కూర్చొని పని చేసుకోవచ్చు. నేను బీటెక్ చదివి, నాలుగేళ్లు కోడ్ రాసిన. బగ్ వస్తే లాగ్స్ చూసేవాళ్లం. ఈ కారుకి లాగ్స్ అంటే చప్పుడు, వాసన, స్టీరింగ్ బరువు. అవి చదవడం రాక నేను చేసిన తప్పు చెప్తా.

ముందు చక్రాన్ని పట్టుకునే నిలువు రాడ్డు కింద మరలు ఉంటయి. అవి ట్రనియన్ అనే కంచు ముక్కలో కూర్చుంటయి. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ మరల మీదే చక్రం తిరుగుతది. అక్కడ పోయాల్సింది ఈపీ 90 గేర్ ఆయిల్. నేనేమో అన్నిట్లో పెట్టినట్టే అక్కడా గ్రీజు కొట్టిన. కొన్ని నెలలకు స్టీరింగ్ బరువైంది. టైర్లో గాలి తగ్గిందేమో అనుకున్నా.

హైదరాబాద్ హైవే మీద లాంగ్ డ్రైవ్ వీడియో తీద్దామని అంతా రెడీ. ముందురోజు రాత్రి తాత ఊరికే కూర్చొని స్టీరింగ్ తిప్పి చూసిండు.

"ఆడ గ్రీజు ఎవరు పెట్టిన్రు?"

"నేనే తాతా."

"అది నూనె తాగే జాగ బిడ్డా. రేపు పోవద్దు. విప్పు."

విప్పినం. గ్రీజు గడ్డకట్టింది, నీళ్లు పట్టి మరలు తుప్పు తిన్నయి, రాడ్డుకి సన్నగా పగులు. హైవే మీద అది విరిగితే చక్రం లోపలికి మడతపడేది. కారులో నాతోపాటు మా చెల్లె కూడా ఉండేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. తాత ఒక్క మాట తిట్టలే. పొద్దున నా చేతికి ఆయిల్ డబ్బా ఇచ్చిండు, అంతే.

కొత్త పార్ట్ వచ్చేదాకా రెండు నెలలు కారు కదల్లేదు. ఇప్పుడు మూడు నెలలకోసారి నా చేత్తోనే ఆ నూనె కొడతా. ఆ తర్వాత స్టీరింగ్ రెండు వేళ్లతో తిరుగుతుంటే వచ్చే ఆనందం, నిజం చెప్తున్నా, నా ఫస్ట్ శాలరీ రోజు కూడా రాలే.

మీ ఇంట్లో పాత బండి ఉంటే, స్కూటరైనా సరే, ఈ ఆదివారం ఒక గంట దాని దగ్గర కూర్చోండి. పెట్రోల్ పైపులు కూడా చూడండి. ఇథనాల్ కలిపిన ఇప్పటి పెట్రోల్‌కి పాత రబ్బరు తొందరగా పాడవుతది. దాన్ని నడిపిన పెద్దమనిషి ఇంట్లో ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. మాన్యువల్‌లో లేనివి ఆయనకు తెలుసు.

మీ బండి ఏంటో కామెంట్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. తాత పిలుస్తుండు, ఇంజిన్ చల్లారిందంట. ఉంటా మరి!